దసరాకు ఊరెళ్తున్నారా? ఫోటో తీసి, రెండు మాటలు రాసి, ఇంటివాళ్లకు పంచే పద్ధతి

దసరా సెలవులు ముగిసేసరికి ఒక్కొక్కరి ఫోన్లో వందల ఫోటోలు ఉంటాయి, ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇంకా చాలా ఉంటాయి, వాటిలో సగం ఎవరో ఫార్వర్డ్ చేసిన శుభాకాంక్షల బొమ్మలే. రెండేళ్లు పోయాక అందులో ఒకటి తెరిస్తే అది ఏ చెరువు కట్టో, పక్కన నిలబడ్డ ఆమె మనకు ఏ వరుస అవుతుందో చెప్పలేం. అందుకే ఇందులో ఫోటో తీయడం గురించి కొంత, ఫోటో కింద రాసే మాట గురించి అంతకంటే ఎక్కువ చెప్తాను. మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో బొంబాయికో, పుణెకో, హైదరాబాద్‌కో పనికి పోయినవాళ్లంతా ఇంటికి చేరేది ఈ పండుగకే. ఫోటోలో ఎవరున్నారో చెప్పగలిగే నాయనమ్మ, దాన్ని తీసి దాచగలిగే మనవరాలు ఒకే అరుగు మీద కూర్చునేది ఈ పది రోజులే కాబట్టి పని ఇప్పుడే కావాలి.

బయలుదేరే ముందు

ఫోన్ స్టోరేజీ ఖాళీ చేయండి. బతుకమ్మ నడుమ "స్టోరేజీ ఫుల్" అని వస్తే అక్కడ నిలబడి ఏది డిలీట్ చేయాలో వెతుక్కుంటూ ఉంటారు, ఆట అయిపోతుంది. పాత ఫార్వర్డ్ వీడియోలు తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. గూగుల్ ఫోటోస్‌లో 2021 జూన్ నుంచి ఫోటోలన్నీ ఆ 15 జీబీ ఉచిత కోటాలోనే లెక్కకు వస్తున్నాయి, మీది నిండిపోయిందేమో ముందే చూసుకోండి. ఒక పవర్ బ్యాంకు, ఒక మెత్తని నూలు బట్ట పెట్టుకోండి. బట్ట ఎందుకంటే పండుగ పూట అందరి చేతులకూ పసుపో, నూనెనో, మలీద ముద్దల నెయ్యో ఉంటుంది, ఆ చేత్తోనే ఫోన్ పట్టుకుంటాం, లెన్సు మీద మరక పడితే సాయంత్రం దీపాలన్నీ మసకగా చెదిరినట్టు వస్తాయి. తీసే ముందు ఒక్కసారి తుడవడం అలవాటు చేసుకోండి.

ఒక చిన్న నోటుబుక్కు కూడా. ఫోన్లో నోట్స్ రాసుకోవచ్చు, కానీ ఇంట్లో పెద్దవాళ్లు పేర్లు చెప్తున్నప్పుడు మీరు ఫోన్ చూస్తూ కూర్చుంటే వినట్లేదనుకుని ఆపేస్తారు. పుస్తకంలో రాస్తుంటే ఇంకా నాలుగు మాటలు ఎక్కువ చెప్తారు.

పెత్రమాస నాడు పేర్లు రాసుకోండి

పెత్రమాస అంటే దసరా ముందు వచ్చే పెద్దల అమావాస్య. చాలామంది ఈ రోజును పూల కోసమే చూస్తారు, బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే కాబట్టి. కానీ పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చే ఇళ్లలో తాత, ముత్తాత, వాళ్ల ఇంటివాళ్ల పేర్లు గట్టిగా పలుకుతారు. ఏడాదిలో ఆ పేర్లు వరుసగా వినబడేది దాదాపు ఆ ఒక్కసారే. పక్కన కూర్చుని రాసుకోండి, ఎవరు ఎవరికి ఏమవుతారో గీత గీసి పెట్టుకోండి. తర్వాత ట్రంకు పెట్టెలోంచి పాత ఫోటోలు బయటికి తీసినప్పుడు ఈ కాగితమే మీకు దారి చూపిస్తుంది. గోడ మీది పెద్దల ఫోటోలను ఆ రోజు దించి తుడిచి బొట్టు పెట్టేవాళ్లుంటారు. దండ వేయకముందే ఒక ఫోటో తీసుకోండి, దండ పడితే సగం ముఖం కనబడదు.

ఇక పూలు. తంగేడు పసుపు, ఎండలో తీస్తే రేకుల గీతలు పోయి అంతా ఒక్కటే పసుపు ముద్దలా వస్తుంది. తెలుపు గునుగు కూడా అంతే, చివర్లు కాలిపోయినట్టు తెల్లగా పోతాయి. స్క్రీన్ మీద పువ్వును వేలితో తాకితే పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం కిందికి లాగండి, ఫోటో కాస్త నల్లబడ్డా రేకులు నిలుస్తాయి. తెంపుతున్నప్పుడు తీస్తే ఇంకా మంచిది. పొద్దున ఏడింటికి చెలక గెట్ల మీద వెలుతురు పక్క నుంచి పడుతుంది, పూల మీద మంచు ఉంటుంది, పిల్లల చేతుల్లో సంచులు ఉంటాయి. పట్నంలో ఉంటే మార్కెట్‌లో గునుగు కట్టలు అమ్మేవాళ్ల దగ్గరికి పొండి. ఆ పువ్వు ఏ ఊరి నుంచి తెచ్చారో అడిగి రాసుకోండి, కట్ట ఎంతకు ఇచ్చారో కూడా రాయండి. పదేళ్ల తర్వాత ఆ ధరే అందరూ మొదట చదువుతారు.

బతుకమ్మ పేర్చేటప్పుడు మాత్రం ఓపికగా కూర్చోండి. తాంబాలంలోనో సిబ్బిలోనో గుమ్మడి ఆకులు పరిచి, గునుగు కాడలను ఒక్క పొడవుకు కోసి, చిన్న చిన్న కట్టలుగా దారం చుట్టి, రంగులో ముంచి ఆరబెట్టి, వరుస మీద వరుస పెడతారు. నాకు పేర్చిన బతుకమ్మ ఫోటో కంటే ఆ చేతుల ఫోటోలే ఎక్కువ ఇష్టం. బొటనవేలి గోరుకు రంగు అంటి ఉంటుంది, గాజుల మీద గునుగు పొట్టు రాలి ఉంటుంది, కాడ పొడవు సరిచూడటానికి ఇంకో కాడ పక్కన పెట్టి కొలుస్తారు. ఫోన్‌ను వాళ్ల మోచేతి ఎత్తుకు దించి, కిటికీనో వాకిలినో మీకు పక్కగా ఉండేలా కూర్చుంటే సరిపోతుంది. ఫ్లాష్ వద్దు. పైనుంచి నిలబడి తీస్తే అందరి తలలే వస్తాయి.

సాయంత్రం ఆట

ఈ రోజుల్లో మన దగ్గర ఆరింటికి అటూఇటూగా పొద్దు గూకుతుంది. ఫోటోకు మంచి వెలుతురు ఉండేది అంతకు ముందు అరగంట. కాబట్టి బతుకమ్మలు గుడి ముందటికో కట్ట మీదికో రాకముందే మీరు అక్కడ ఉండండి. నెత్తిన బతుకమ్మ పెట్టుకుని సందులోంచి వరుసగా వస్తున్నప్పుడు తీసే ఫోటో ఆ సాయంత్రానికి అన్నిటికంటే మంచిదవుతుంది, ఎందుకంటే అప్పటికి ఇంకా వెలుతురు ఉంటుంది, ముఖాలు మీ వైపే ఉంటాయి.

చీకటి పడ్డాక నైట్ మోడ్ పెట్టకండి. అది ఒక సెకను, రెండు సెకన్లు తీస్తూ ఉంటుంది, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టేవాళ్లు ఆ లోపు కదిలిపోతారు, నడుమ ఉన్న బతుకమ్మ ఒక్కటే స్పష్టంగా వస్తుంది. అలా కావాలని తీస్తే అందంగానే ఉంటుంది, ఫోన్‌ను గోడ మీదనో బండి సీటు మీదనో ఆనించి ప్రయత్నించండి. ముఖాలు కావాలంటే మామూలు మోడ్‌లోనే ఉంచి, ట్యూబులైటుకు దగ్గరగా వచ్చినవాళ్లను తీయండి, వంగి చప్పట్లు కొట్టి లేచే క్షణంలో కదలిక తక్కువ ఉంటుంది, అప్పుడు నొక్కండి.

ఇంకో మాట. పాట పాడేటప్పుడు ఫోటో ఆపి ఒక నిమిషం వీడియోనో, ఆడియో రికార్డో తీసుకోండి, ఫోన్ కదపకుండా. ముందు పాడేది ఎవరు, వెనక అందుకునేది ఎవరు అని రాసుకోండి. మీ ఊళ్లో ముసలమ్మలు పాడే పాటలో ఊరి పేర్లు, చెరువు పేర్లు, ఇంటి పేర్లు వస్తుంటాయి. డీజే బాక్సులు పెట్టిన చోట అవి వినబడవు కాబట్టి బాక్సులు మొదలవకముందు రికార్డు చేయాలి, లేదంటే మధ్యాహ్నం ఇంట్లో కూర్చోబెట్టి పాడించుకోవాలి. ఇంట్లో పాడితేనే మాటలు తెలుస్తాయి.

చెరువులో బతుకమ్మలను విడిచేటప్పుడు ఫోన్ పట్టుకుని నీళ్లలోకి దిగకండి. వానాకాలం వెళ్లే రోజులు, చెరువులు నిండుగా ఉంటాయి, పాకుడు మెట్లు ఉంటాయి. కట్ట మీద నుంచే చాలు.

అలిగిన బతుకమ్మ రోజు, ట్రంకు పెట్టె

ఆరో రోజు బతుకమ్మ పేర్చరు. ఆ మధ్యాహ్నం అందరూ ఇంట్లో ఖాళీగానే ఉంటారు. అటక మీది ట్రంకు పెట్టెనో, బీరువా అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరునో దించడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. నా లెక్కన సెలవుల్లో చేయాల్సిన అసలు పని ఇదే. కొత్త ఫోటోలు మళ్లీ తీసుకోవచ్చు. పాత ఫోటో గురించి చెప్పేవాళ్లు మాత్రం వచ్చే పండుగకు ఉంటారో లేదో మన చేతిలో లేదు.

పాత ఫోటోను ఫోన్‌తో కాపీ చేయడం ఇలా. వరండా నీడలో, ఎండ నేరుగా పడని చోట చాప మీద తెల్ల కాగితం పరిచి ఫోటో పెట్టండి. ఫోన్ దానికి సమానంగా, అటూఇటూ వంగకుండా పైన ఉండాలి. మరీ దగ్గరికి పోతే అంచులు వంకర తిరుగుతాయి, అందుకే కొంచెం ఎత్తులో పట్టుకుని రెండు రెట్లు జూమ్ చేసుకోండి. మీ నీడ ఫోటో మీద పడకూడదు. ఫ్రేములో ఉన్న ఫోటో అయితే అద్దంలో ఫోన్, మీ ముఖం, వెనకాల ఆకాశం అన్నీ కనబడతాయి. ఒకరిని మీ వెనక నిలబెట్టి నల్ల దుప్పటి పట్టుకోమనండి, మెరుపు పోతుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను ఎట్టి పరిస్థితిలోనూ పీకకండి, పైపొర అద్దానికే ఉండిపోతుంది, అద్దంతోనే కాపీ తీయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లకు కూడా ఇదే మాట.

ముందు వైపు తీశాక వెనక వైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్నుతో రాసిన ఒక్క పేరు, ఏదైనా ఉండొచ్చు. ఏమీ లేకపోతే ఫోటో లోపలే ఆధారాలు వెతకాలి, అందులో నాకు చాలా ఆనందం. స్కూటర్ నంబర్ కనబడుతోందా? ఏపీ 24 అంటే నల్లగొండ, ఏపీ 22 అంటే మహబూబ్‌నగర్, ఆ పద్ధతి 1989 నుంచి తెలంగాణ వచ్చేదాకా. టీఎస్ 05, టీఎస్ 06 అయితే 2014 తర్వాతి బండి, టీజీ అయితే 2024 మార్చి తర్వాతిది. వెనకాల బోర్డు మీద మండలం కాకుండా తాలూకా అని ఉంటే ఆ బోర్డు 1980ల నడిమికి ముందుది అయి ఉంటుంది, మండలాలు వచ్చింది అప్పుడే. మూలన నారింజ రంగు అంకెలతో తేదీ పడి ఉంటే అది కెమెరా వేసిందే. కానీ ఆ కెమెరాల్లో తేదీ సరిగా పెట్టుకోని వాళ్లూ ఉండేవారు, కాబట్టి పెళ్లి ఏ ఏడాది జరిగిందో అత్తమ్మను అడిగి సరిచూసుకోండి.

నల్లగొండ వైపు పాత ఆల్బమ్‌లలో నాగార్జునసాగర్ ఫోటో లేని ఇల్లు తక్కువ. అమ్మానాన్న పెళ్లైన కొత్తలో డ్యామ్ ముందు నిలబడి దిగినదో, బడి పిల్లల టూరుదో ఒకటి ఉంటుంది. డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ. మీ తాత అక్కడ రాళ్ల పనికి పోయి ఉంటే, గోడ సగమే లేచిన ఫోటో మీ పెట్టెలో ఉంటే, అది ఈ రెండు తేదీల మధ్యది. దాన్ని వెంటనే కాపీ తీసి ఆయన ఏ పని చేశారో, రోజుకు ఎంత కూలి ఇచ్చేవారో ఇంట్లో గుర్తున్నంతవరకు రాయించుకోండి.

ఫోటోలను చూపిస్తూ "వీళ్లెవరు?" అని మాత్రమే అడగొద్దు. ఆ ప్రశ్నకు పేరు వస్తుంది, అంతటితో ఆగిపోతుంది. "ఈ చీర ఎక్కడ కొన్నారు? ఈ రోజు వంట ఏం చేశారు? ఫోటో తీసినాయన ఎక్కడి నుంచి వచ్చాడు? ఈ పిల్ల ఎందుకు ఏడుస్తోంది?" అని అడగండి. చీర అనగానే గద్వాలదా, నారాయణపేటదా, పోచంపల్లిదా అని మొదలై, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, తర్వాత ఎవరికి ఇచ్చారు అన్నంత దూరం పోతుంది కథ. మీరు మధ్యలో ఆపకండి.

జమ్మి, పాలపిట్ట

దసరా సాయంత్రం జమ్మి దగ్గరికి పోయేటప్పుడు గుంపును తీయడం కష్టం, గుంపులో అందరి వీపులే వస్తాయి. ఇంటికి వచ్చాక చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి ఆకు, అదే బంగారం, పెట్టి కాళ్లు మొక్కేటప్పుడు ఆ రెండు చేతులనూ దగ్గరగా తీయండి. అలయ్ బలయ్ ఇచ్చుకునేటప్పుడు పక్క నుంచి తీస్తే ఇద్దరి ముఖాలూ దొరుకుతాయి.

దసరా నాడు చూస్తే మంచిదని అందరూ వెతికే పాలపిట్టను ఫోన్‌తో దగ్గరగా తీయలేం, జూమ్ చేస్తే నీలం మరక ఒకటి వస్తుంది. అందుకే దగ్గరగా తీయాలన్న ఆశ వదిలేసి, కరెంటు తీగ, కింద పత్తి చేను, దూరంగా గుట్ట, తీగ మీద చిన్నగా పిట్ట, మొత్తం కలిపి తీయండి. అది పురుగు కోసం కిందికి దిగి తరచుగా మళ్లీ ఆ తీగ మీదికే వస్తుంది, కదలకుండా ఆగితే రెక్కలు విప్పినప్పటి నీలం కూడా దొరకొచ్చు. పంజరంలో పెట్టి, రెక్కలు కట్టి, డబ్బులకు చూపించేవాళ్ల దగ్గర ఫోటో దిగకండి, పిల్లలకు కూడా చూపించకండి. దాన్ని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం, అంతకంటే ముఖ్యంగా ఆ పిట్టల్లో చాలావరకు బతకవు. మన రాష్ట్ర పక్షికి పండుగ రోజునే ఆ గతి పట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఒక పూట బయటికి పోతే

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోతే లింగం వెనక పడే నీడను తీయాలని అందరూ ఎగబడతారు. పొద్దంతా కదలకుండా ఉండే నీడ అది, స్తంభాల మధ్య నుంచి వెలుతురు లోపలికి వచ్చే తీరు వల్ల ఏర్పడుతుంది. గర్భగుడి ముందు అడిగి తీయండి, వద్దంటే వద్దు. బయట మండపం స్తంభాల మీద చెక్కినవి పక్కవెలుతురులో, అంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ లోతుగా కనబడతాయి. అక్కడి నుంచి ఉదయ సముద్రం కట్ట దగ్గరే, పొద్దు పొడిచే వేళ అక్కడ నిలబడితే ఇంకేం వెతుక్కోనక్కర్లేదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మొత్తం ఒక్క ఫోటోలో పట్టదు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టు, ఊడలే మానులై విస్తరించింది. ఒక ఊడ, దాని పక్కన ఒక మనిషి, అంతే తీయండి, సైజు అదే తెలుస్తుంది. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలు వేలాడదీసి దాని కొమ్మల్లోకి మందు ఎక్కించారు. అప్పట్లో మీరు చూసి ఉంటే ఆ సంగతి ఫోటో కింద రాయండి.

రెండు మాటలు ఎలా రాయాలి

ప్రతి రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు. ఆ రోజు తీసినవాటిలో మూడో నాలుగో ఎంచుకోండి, ఎక్కువ వద్దు. ఒకే చోట తీసిన పది ఫోటోల్లో బాగున్నది ఒకటే ఉంటుంది, మిగతావి అప్పుడే తీసేయండి, ఊరి నుంచి వచ్చాక ఎవరూ తీయరు. ఎంచుకున్న ప్రతి ఫోటోకూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాసి, దానికి మీ మనసులో మాట ఒకటి కలపండి. "హ్యాపీ దసరా" అని రాసి పది బొమ్మలు పెట్టడం వద్దు. అది ఏ ఫోటో కిందైనా సరిపోతుంది కాబట్టి మీ ఫోటో గురించి ఏమీ చెప్పదు.

ఎలా ఉండాలో చూడండి:

"పెత్రమాస పొద్దున. చెరువు వెనక గుట్ట మీది తంగేడు, తెంపింది చిన్నత్త. నిరుడు బండ్ల బాట పక్కనే ఉండేది, ఈసారి పైదాకా ఎక్కాల్సి వచ్చింది, కింద ప్లాట్లు చేశారు."

"సద్దుల రోజు. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది పెద్దమ్మ కలిపింది. చింతపండు పులుసు కొలత అడిగితే చెయ్యి చూపించింది. ఆ చెయ్యే ఫోటో తీశాను."

"బాపు, రాజు మామ, కల్లంలో. బొంబాయిలో ఇద్దరూ ఒకే బిల్డింగ్ పనిలో ఉన్నా అక్కడ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదట."

మూడింటిలోనూ గొప్ప మాటలేమీ లేవు. కానీ చదివినవాళ్లు తిరిగి ఏదో ఒకటి రాస్తారు, ఆ ప్లాట్లు ఎవరివి అనో, ఆ పులుసులో బెల్లం వేస్తుందా అనో. అలా వచ్చిన జవాబులను కూడా మీ నోటుబుక్కులో ఎక్కించుకోండి. అనిపించింది రాయడానికి సిగ్గుపడకండి. అమ్మ మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగింది అని గమనిస్తే అదే రాయండి. వాన పడి ఆట ఆగిపోతే వాన ఫోటో పెట్టి ఆ సంగతే రాయండి, అన్నీ బాగున్నట్టు రాయాల్సిన పనిలేదు. టైపు చేయడం రాని పెద్దవాళ్లకు కీబోర్డులో మైకు గుర్తు చూపించండి, తెలుగు పెట్టి మాట్లాడితే అదే రాస్తుంది. తప్పులు వస్తాయి, మీరు ఒకసారి చూసి సరిచేయండి, కానీ వాళ్ల మాటతీరు మార్చకండి, "పోయిండు" అంటే "పోయిండు" అనే ఉండనివ్వండి.

ఊరు రాసేటప్పుడు ఊరు, మండలం, పాత జిల్లా మూడూ రాయండి. 2016 అక్టోబరు 11న, ఆ ఏడు దసరా రోజే, జిల్లాలు విడిపోయాయి. ఉమ్మడి నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత 2019లో నారాయణపేట వచ్చాయి. ఇప్పటి పిల్లలకు "మాది మహబూబ్‌నగర్ జిల్లా" అన్న తాత మాట, మ్యాపులో ఊరు ఉన్న జిల్లా కలవవు.

పంపేముందు అడగండి

ఇది చిన్న విషయంగా తీసుకోవద్దు. బతుకమ్మ ఆడేవాళ్లంతా ఆడవాళ్లు, ఆడపిల్లలు. వాళ్ల ఫోటోలు, వీడియోలు అందరికీ కనిపించేలా పెట్టే ముందు వాళ్లనే అడగాలి, వాళ్ల భర్తనో అన్ననో కాదు. ఇంటి గ్రూపు వరకు సరే అని, బయట పెట్టొద్దు అంటే అంతే చేయండి. ముఖాలు మార్చి పాడు చేసే పనులు ఎంత సులువైపోయాయో అందరికీ తెలుసు. పరాయి ఇంటి పిల్లల ఫోటో తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టకండి. ఎవరైనా "అది తీసెయ్" అంటే కారణం అడగకుండా తీసేయండి. పాత ఫోటోలకు కూడా ఇదే. విడిపోయిన జంట పెళ్లి ఫోటో, చనిపోయిన పిల్లాడి ఫోటో గ్రూపులో వేసే ముందు ఆ ఇంటివాళ్లకు విడిగా చూపించండి.

ఇంకోటి, పట్నంలో ఇంటికి తాళం వేసి అందరం ఊరొచ్చామని అదే రోజు స్టేటస్ పెట్టొద్దు. దొంగలు అలాంటివే చూస్తారని పండుగ ముందు పోలీసులు చెప్తూనే ఉంటారు. తిరిగి వెళ్లాక పెట్టుకోండి.

పంపడం, దాచడం

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది. చూసుకోవడానికి అది చాలు. ప్రింటు వేయించాల్సినవి, కాపీ తీసిన పాత ఫోటోలు మాత్రం హెచ్‌డీ నొక్కిగానీ, డాక్యుమెంట్‌గా గానీ పంపండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో తీసిన చోటు వివరం కూడా లోపల అలాగే వెళ్తుంది, కాబట్టి ఇంటివాళ్లకు తప్ప బయటివాళ్లకు అలా పంపొద్దు. అన్నీ ఒకేసారి గుమ్మరించకుండా రోజుకు మూడు నాలుగు చొప్పున, మాటలతో పంపండి. సెలవులు అయిపోయి ఎవరి పనికి వాళ్లు వెళ్లాక కూడా కొన్ని మిగిలేలా చూసుకోండి. దుబాయ్‌లోనో పుణెలోనో రూములో కూర్చున్నవాళ్లకు పండుగ తర్వాతి వారమే ఇవి ఎక్కువ కావాలి.

స్టేటస్ 24 గంటల్లో పోతుంది, దాని మీద ఆధారపడకండి. వాట్సాప్‌లో కింద రాసిన మాట కూడా ఫోటోను గ్యాలరీలోకి సేవ్ చేసుకున్నప్పుడు దానితో రాదు. అందుకే మీరు రాసిన మాటలన్నీ ఒక చోట, తేదీల వారీగా నోటుబుక్కులో గానీ ఫోన్ నోట్స్‌లో గానీ ఉండాలి. గూగుల్ ఫోటోస్ వాడేవాళ్లు ఫోటోను పైకి జరిపితే వివరం రాసే చోటు వస్తుంది, అక్కడ కూడా రాయొచ్చు.

ఆఖరుగా ఒక పదో పన్నెండో ప్రింట్లు వేయించండి. నాలుగు అంగుళాలు ఆరు అంగుళాల సైజు చాలు. వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు, ఏడాది రాయండి, బాల్‌పెన్ వద్దు, గట్టిగా నొక్కితే ముందు వైపుకు గీత పడుతుంది, ఆ ఇంకు పక్క ఫోటోకు అంటుతుంది. ఫోన్ వాడని నాయనమ్మకు, ఫోటోలో ఉన్న ప్రతి ఇంటికి ఒక్కొక్కటి ఇవ్వండి. మొత్తం ఫోటోలు, మాటల ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఊళ్లో ఇంట్లోనే పెట్టండి, ఇంకో కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పెన్‌డ్రైవ్ మీద ఏడాది రాసిన చీటీ అంటించి, అది ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసి, పనిచేస్తోందో లేదో చూసి, కొత్తవి అందులోనే కలపండి.